ఫిబ్రవరిలో ఒక నియోజకవర్గం, ఏప్రిల్‌లో ఇంకొకటి. ఇల్లు మాత్రం అదే! ఎవరైనా చెప్తారా?

జేమ్స్‌స్నో_సుబ్బు:

అందరికీ నమస్కారం. మేం కెనడాలో ఒంటారియోలోని మిల్టన్‌లో ఉంటాం, జేమ్స్ స్నో పార్క్‌వేకి దగ్గర్లో. 2016 నుంచి అదే ఇల్లు. సిటిజెన్‌షిప్ వచ్చి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి ఇక్కడ ఓటు వేయడం నాకింకా కొత్తే. 2025 ఫిబ్రవరి 27న ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) ఎన్నికలు జరిగినప్పుడు మా ఇంటి వెనక స్కూల్లో ఓటేశాను. కార్డు మీద నియోజకవర్గం పేరు మిల్టన్ అని ఉంది. ఊరు మిల్టన్, సీటూ మిల్టన్, గొడవే లేదు. రెండు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 28న దేశం ఎన్నికలు వచ్చాయి. మళ్లీ ఒక కార్డు వచ్చింది. దాన్ని ఫ్రిజ్ మీద పిల్లల స్కూల్ లంచ్ మెనూ పక్కన మాగ్నెట్ పెట్టి అంటించాను, చదవలేదు. తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా.

ఆ రోజు టొరంటో ఆఫీసులో ఆలస్యమై, గో ట్రైన్ దిగి, కారు తీసుకుని అలవాటు కొద్దీ అదే స్కూలుకి వెళ్లాను. జిమ్‌లో బాస్కెట్‌బాల్ గీతల మీద బల్లలు వేసి కూర్చున్నారు. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఒక పెద్దావిడ నా లైసెన్స్ తీసుకుని, స్కేలు ఆనించి లిస్టులో ఒక్కో వీధీ చూసుకుంటూ వచ్చి, "మీ అడ్రస్ ఇక్కడ లేదు బాబూ, మీ పోలింగ్ స్టేషన్ వేరే" అని చెప్పింది. గోడ మీద కాగితం చూస్తే నియోజకవర్గం పేరు మిల్టన్ ఈస్ట్–హాల్టన్ హిల్స్ సౌత్ అని ఉంది! నేను వేరే ఊరొచ్చానేమో అనుకున్నా ఒక్క క్షణం. టైమ్ చూస్తే 8:50. ఆవిడ చెప్పిన చోటు అటు చివర. వెళ్లి, పార్కింగ్ వెతుక్కునేసరికి 9 దాటుతుంది, మూసేస్తారు, ఒక్క ఓటుతో ఏం మునిగిపోతుందిలే అని ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నా.

తర్వాత ఏమైందో మీకు తెలిసే ఉంటుంది. ముందు కన్జర్వేటివ్ పార్మ్ గిల్ 298 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడన్నారు, లెక్కలు సరిచూసుకున్నాక లిబరల్ క్రిస్టినా టెసర్ డెర్క్‌సన్ 29 ఓట్లతో గెలిచిందన్నారు, జడ్జి దగ్గర రీకౌంట్ అయ్యాక చివరికి తేడా 21. ఇరవై ఒక్క ఓట్లు! మా ఆవిడ మధ్యాహ్నమే వెళ్లి సరైన చోట ఓటేసి వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో నా పేరు "ఇరవై రెండో వాడు".

సరే, నా ప్రశ్నలు. ఒకటి, అదే ఇల్లు రెండు నెలల తేడాలో రెండు నియోజకవర్గాల్లోకి ఎలా పోయింది? రెండు, మా ఫ్రెండ్ వాళ్లది బ్రాంటీ స్ట్రీట్ వైపు, కారులో పది నిమిషాలు. వాళ్లది బర్లింగ్టన్ నార్త్–మిల్టన్ వెస్ట్ అట. ఫిబ్రవరిలో ఇద్దరం ఒకే సీటుకి ఓటేశాం, ఏప్రిల్‌కి ఎంపీలే వేరు. ఊరిని ఇలా మధ్యకి ఎందుకు కోశారు? మూడు, ప్రావిన్స్ సీటు కూడా ఇలాగే మారబోతోందా? మారేదైతే ఈసారి కార్డు చదువుతాను.

*

హాల్టన్_పాతకాపు:

సుబ్బు గారూ, నేను 2003లో మిల్టన్ వచ్చాను. డెరీ రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్న చేలు చూసిన బ్యాచ్ మాది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ ఇల్లు ఏ సీటులోంచీ ఏ సీటులోకీ పోలేదు. ఒకే నేల మీద రెండు మ్యాపులున్నాయి, అంతే. ఒకటి ఒట్టావా పార్లమెంటుది, అంటే ఫెడరల్, రెండోది టొరంటోలో కూర్చునే ఒంటారియో శాసనసభది. మన దగ్గర లోక్‌సభ సీటు పెద్దది, దాని కడుపులో ఏడు అసెంబ్లీ సీట్లు ఉంటాయి కదా, ఇక్కడ అలా కాదు. రెండింటి సైజూ దాదాపు ఒకటే. 1996లో ఒంటారియోలో మైక్ హ్యారిస్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని పేరే తమాషాగా ఉంటుంది, "తక్కువ మంది రాజకీయ నాయకుల చట్టం" అని. అప్పటిదాకా ప్రావిన్స్‌కి సొంత మ్యాపు, 130 సీట్లు ఉండేవి. దాన్ని తీసేసి, ఫెడరల్ వాళ్లు ఎక్కడ గీత గీస్తే మాదీ అక్కడే అని 103కి తగ్గించేశారు. 1999 ఎన్నికల నుంచి అదే పద్ధతి. రెండు ఎన్నికలకీ ఒకే పేరు, ఒకే గీత అని జనం అలవాటు పడిపోయింది అందుకే.

అసలు చిక్కు ఎక్కడంటే, ఫెడరల్ మ్యాపు పదేళ్లకోసారి జనగణన అవ్వగానే దానంతటదే తిరగరాయబడుతుంది. ప్రతి ప్రావిన్స్‌కీ ముగ్గురితో ఒక కమిషన్ వేస్తారు, పైన ఒక జడ్జి ఉంటాడు, ప్రధాని ఇష్టంతో పని లేదు. ఒంటారియోకి అలాంటి యంత్రం లేదు. ఫెడరల్ వాళ్లు మార్చినప్పుడల్లా శాసనసభ ఒక చట్టం చేసి దాన్ని ఎత్తుకోవాలి. 2005లో చేశారు, 107 సీట్లయ్యాయి. 2015లో చేశారు, 122 అయ్యాయి. 2017లో ఉత్తరాన ఇంకో రెండు కలిపి 124 చేశారు. అది 2018 నుంచి నడుస్తోంది. ఇప్పుడు 2021 జనగణన మీద ఫెడరల్ మ్యాపు మళ్లీ మారింది, 2024 ఏప్రిల్ 23 నుంచి ప్రకటించే ఫెడరల్ సాధారణ ఎన్నికలకి అదే. 2025 ఎన్నికల నాటికి శాసనసభ మాత్రం దాన్ని ఎత్తుకోలేదు. కాబట్టి మీరు ఫిబ్రవరిలో వేసిన ఓటు 2013లో ఖరారైన గీతల మీద, ఏప్రిల్‌లో వేయని ఓటు (సారీ) 2023లో గీసిన గీతల మీద.

ఇక ఊరిని ఎందుకు కోశారంటే, లెక్క చూడండి. 2001 జనగణనలో మిల్టన్ జనాభా 31,471. అప్పటిదాకా ఊరు ఎందుకు పెరగలేదో తెలుసా? నీళ్లు లేక. బావుల మీద బతికిన ఊరు ఇది. లేక్ ఒంటారియో నుంచి పెద్ద పైపు వేశాక ఇళ్లు కట్టడానికి పర్మిషన్లు వరసగా వచ్చాయి. 2006కి 53,939. 2011కి 84,362, అప్పట్లో దేశంలోనే అందరికంటే వేగంగా పెరిగిన ఊరు. 2016కి 1,10,128. 2021కి 1,32,979. కమిషన్ ఒంటారియోకి పెట్టుకున్న సగటు సీటుకి 1,16,590 మంది. అంటే ఊరొక్కటే సగటు దాటేసింది, పైగా పాత సీటులో బర్లింగ్టన్ ఉత్తరాన ఉన్న పల్లె ముక్క కూడా కలిసి ఉండేది. హాల్టన్ రీజియన్ మొత్తం దాదాపు 5 లక్షల 97 వేలు, సగటుతో భాగిస్తే ఐదు సీట్లు. పక్కన ఓక్‌విల్‌ని ఈస్ట్, వెస్ట్ అని రెండు చేశారు, కింద బర్లింగ్టన్ ఒకటి, మిగిలిన రెండింటి కోసం మిల్టన్‌ని నిలువునా చీల్చి పడమటి సగాన్ని బర్లింగ్టన్ ఉత్తర భాగానికీ, తూర్పు సగాన్ని హాల్టన్ హిల్స్ దక్షిణ భాగానికీ కుట్టారు. కుట్టు కనబడుతోందా అంటే కనబడుతోంది, ఆ పేర్లలో ఉన్న అడ్డగీతలన్నీ కుట్లే.

ఈ ప్రాంతం పేరు మారడం ఇదేమీ మొదటిసారి కాదు. మీరుండే వీధి పేరులో ఉన్న జేమ్స్ స్నో ఎవరనుకున్నారు? 1967లో హాల్టన్ ఈస్ట్ అనే ప్రావిన్స్ సీటు నుంచి గెలిచినాయన, తర్వాత పదేళ్లు రవాణా మంత్రి. ఆ హాల్టన్ ఈస్ట్ ఇప్పుడు ఏ మ్యాపులోనూ లేదు, మిగిలింది మీ రోడ్డు మీద బోర్డే. నేను వచ్చేటప్పటికి మా సీటు పేరు ఉత్త హాల్టన్, టెడ్ చడ్లీ అనే కన్జర్వేటివ్ పెద్దాయన ఉండేవాడు. 1995లో ఆయన గెలిచింది హాల్టన్ నార్త్ అనే సీటులో, 1999 నుంచి హాల్టన్‌లో. 2007లో గీతలు జరిగి హాల్టన్ హిల్స్ మా సీటులోంచి వెళ్లిపోయి వెల్లింగ్టన్ కౌంటీతో కలిసింది. ఆయనకి దాంతో ఏమీ కాలేదు గానీ, అటు మిల్టన్‌లో, ఇటు ఉత్తర ఓక్‌విల్‌లో కొత్త ఇళ్లు పడుతూనే ఉన్నాయి. 2014లో ఇందిరా నాయుడూ-హ్యారిస్ చేతిలో ఓడిపోయాడు. ఆవిడ దక్షిణాఫ్రికాలో పుట్టినావిడ. ఇంటిపేరు చూసి మా గుళ్లో అందరూ "మన నాయుళ్లే" అని తెగ సంబరపడ్డారు. దక్షిణాఫ్రికాలో ఆ ఇంటిపేరు తెలుగు మూలాల వాళ్లకీ ఉంటుంది, తమిళ మూలాల వాళ్లకీ ఉంటుంది, ఎవరూ ఆవిణ్ణి అడిగి చూసిన పాపాన పోలేదు. 2018లో హాల్టన్ సీటే రద్దయి, మిల్టన్ వేరే, ఓక్‌విల్ నార్త్–బర్లింగ్టన్ వేరే అయ్యాయి. ఆవిడ మిల్టన్‌లో నిలబడి పార్మ్ గిల్ చేతిలో ఓడిపోయింది.

ఆ గిల్లే 2024 జనవరిలో ప్రావిన్స్ సీటు వదిలేసి ఒట్టావా పోదామని బయల్దేరాడు. మే 2న ఉపఎన్నిక పెడితే జీ హమీద్ గెలిచాడు, ఓడిపోయింది గేలెన్ నాయుడూ-హ్యారిస్, ఇందిర గారబ్బాయి. ఇక చూడండి తమాషా. 2025 ఫిబ్రవరిలో ప్రావిన్స్ మిల్టన్‌లో హమీద్ మీద ఓడిన లిబరల్ ఎవరు? మీకు 21 ఓట్లతో ఎంపీ అయిన టెసర్ డెర్క్‌సనే. ఆవిడ పాత గీతల్లో ఓడి, రెండు నెలల్లో కొత్త గీతల్లో గెలిచింది. గిల్ పాత గీతల్లో రెండుసార్లు గెలిచి కొత్త గీతల్లో ఓడిపోయాడు. గీతల వల్లే అనను, రెండు ఎన్నికల్లో జనం మూడ్ వేరు. కానీ గీత ఒక వీధి అటు జరిగినా 21 ఓట్లు ఎటు పోయేవో ఎవరు చెప్పగలరు.

*

కందిపొడి_కెనడా:

అసలు నాకు ఇక్కడ అన్నిటికంటే కామెడీగా అనిపించేది, ప్రావిన్స్ ఎమ్మెల్యేని ఒంటారియోలో ఎంపీపీ అనడం. మా నాన్నకి ఫోన్ చేసి "మా ఎంపీపీ ఇంటికొచ్చి తలుపు కొట్టాడు నాన్నా" అంటే, "మండల పరిషత్ అధ్యక్షుడు మీకెందుకురా అక్కడ, రేషన్ కార్డు గానీ పెట్టుకున్నారా" అన్నాడు.

*

చలికోటు_నర్స్:

పాతకాపు గారు "ఉత్తరాన ఇంకో రెండు" అని ఒక్క మాటలో దాటేశారు, నా బాధ అదే. నేను మూడేళ్లు సూ లుకౌట్‌లో పనిచేశాను. ఆ రెండు కొత్త సీట్లలో ఒకటైన కీవెటినూంగ్ అక్కడిదే. ఆ పేరుకి అక్కడి ఆదివాసీల ఒజిబ్వే భాషలో ఉత్తరం అని అర్థం. విస్తీర్ణం దాదాపు 2 లక్షల 94 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, ఆంధ్ర రెండూ పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. జనాభా ఎంత? సుమారు 33 వేలు.

మిల్టన్‌లో లక్షా ముప్పై వేల మందికి ఒక్క ఎంపీపీ, అక్కడ 33 వేల మందికి ఒక్క ఎంపీపీ, ఇదెక్కడి న్యాయం అని నేనూ మొదట్లో అనుకున్నా. అక్కడికి వెళ్లాక నోరు మూసుకున్నా. చాలా ఊళ్లకి రోడ్డు లేదు. చలికాలంలో సరస్సులు గడ్డకడితే ఆ మంచు మీద దారి వేస్తారు, మిగతా రోజుల్లో చిన్న విమానమే. కాన్పుకి రావాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా విమానం ఎక్కాలి. వాతావరణం బాలేక విమానం రాకపోతే పేషెంటూ రాదు, పాల డబ్బాలూ రావు. నేను చూసిన ఒక ముసలమ్మ చెకప్‌కి వచ్చి మంచు తుఫానులో నాలుగు రోజులు హాస్టల్లో ఇరుక్కుపోయింది, రోజూ పొద్దున్నే సంచి సర్దుకుని కిటికీ దగ్గర కూర్చునేది. అలాంటి ఊళ్లన్నీ అంతకుముందు కెనోరా–రెయినీ రివర్ లాంటి పెద్ద సీట్ల చివర తోకలా వేలాడుతుండేవి. దక్షిణాన ఉన్న పట్టణాల ఓట్లే గెలిపించేవి. 2017లో వాటిని విడదీసి, ఆదివాసీలే మెజారిటీగా ఉండే సీటు చేశారు.

దాని ఫలితం నా కళ్ల ముందు చూశా. అక్కడి నుంచి 2018లో గెలిచిన సోల్ మమాక్వా, 2024 మే 28న శాసనసభలో తన మాతృభాషలో మాట్లాడాడు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ కాకుండా వేరే భాషలో అక్కడ మాట్లాడటం అదే మొదటిసారి. అనువాదకుల్ని పెట్టారు. వాళ్లమ్మ లాంటి పెద్దవాళ్లు ఊళ్ల నుంచి వచ్చి గ్యాలరీలో కూర్చున్నారు. మా వార్డులో పని ఆపేసి అందరం ఫోన్‌లో చూశాం.

*

లెక్కల_మాస్టారు:

నర్స్ గారూ మీరు చెప్పింది బాగుంది, కాదనను. కానీ లెక్క లెక్కే కదండీ. అక్కడి ఓటు మిల్టన్ ఓటుకి నాలుగు రెట్లు. ఉత్తరాన 124లో 13 సీట్లు అట్టే పెట్టారు, ఫెడరల్ మ్యాపులో అదే ఉత్తరానికి ఈసారి పది నుంచి తొమ్మిదికి తగ్గించారు. టొరంటో నగరానికి కూడా 25 నుంచి 24 అయ్యాయి. ఒంటారియో మొత్తానికి పెరిగింది ఒక్క సీటే, 121 నుంచి 122. అంటే అక్కడ తీసి మిల్టన్, బ్రాంప్టన్ లాంటి చోట్ల పెట్టారన్న మాట, అది నాకు న్యాయంగానే కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన వాళ్లమంతా ఉండేది ఇలాంటి ఊళ్లలోనే. పాత మ్యాపుతో ప్రావిన్స్ ఎన్నికలు నడిపితే నష్టపోయేది మనమే. ఇది ఎవరి కుట్ర అనడం లేదు, బద్ధకం అయినా కావచ్చు, ఉన్న ఎమ్మెల్యేలకి ఉన్న గీతలే ముద్దు కదా.

*

హాల్టన్_పాతకాపు:

మాస్టారూ, ఇక్కడి సుప్రీంకోర్టు 1991లోనే సస్కాచువాన్ కేసులో దీని గురించి చెప్పింది. ఓట్లు అచ్చంగా సమానంగా ఉండక్కర్లేదు, ప్రజలకి సరైన ప్రాతినిధ్యం దొరకాలి, భూగోళం, చరిత్ర, సమాజం కూడా చూడొచ్చు అంది. ఫెడరల్ కమిషన్‌కైతే సగటుకి 25 శాతం అటూ ఇటూ వెసులుబాటుంది, అసాధారణ పరిస్థితుల్లో అదీ దాటొచ్చు. కాబట్టి కీవెటినూంగ్ మీద నాకు అభ్యంతరం లేదు. రోడ్డు లేని ఊళ్లకి ఒక సీటు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన మన కంచంలో అన్నం తగ్గదు. మిల్టన్‌కి రెండో సీటు ఇవ్వకపోవడం మీదే నా కోపం. రెండూ ఒకే సంగతి కాదు.

*

శబరి_ఒడ్డు:

నేను కెనడాలో లేను, హైదరాబాద్‌లో ఉంటున్నా, తమ్ముడు ఈ లింకు పంపితే చదివా. సుబ్బు అన్నా, నీది రెండు మ్యాపుల గొడవ. మాది వినండి.

మాది కూనవరం, శబరి వచ్చి గోదారిలో కలిసే చోటు. 2014 ఏప్రిల్ 30న మేం భద్రాచలం నియోజకవర్గంలో ఓటేశాం. సున్నం రాజయ్య గారు గెలిచారు. జూన్ 2న తెలంగాణ వచ్చింది. కానీ దానికి నాలుగు రోజుల ముందే, మే 29న, పోలవరం ముంపు మండలాలని ఆంధ్రలో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చేసింది. మేం ఓటేసిన ఎమ్మెల్యే తెలంగాణ అసెంబ్లీలో, మేమేమో ఆంధ్రలో. భద్రాచలం రాములవారి గుడి తెలంగాణలో ఉండిపోయింది, ఆ దేవుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రకి వచ్చింది. పెన్షన్ కాగితం మీద ఎవరితో సంతకం పెట్టించుకోవాలో తెలియక మా పెదనాన్న రెండు చోట్లకీ తిరిగాడు. ఒక ఆఫీసులో మీరు మావాళ్లు కాదన్నారు, ఇంకో ఆఫీసులో మీ రికార్డులు ఇంకా రాలేదన్నారు. 2019లో గానీ మేం రంపచోడవరం నియోజకవర్గంలో ఓటెయ్యలేదు. జిల్లా చూస్తే మొదట ఖమ్మం, తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మా ఇంటి గుమ్మం అంగుళం కదల్లేదు. గోదారి పొంగినప్పుడు గుమ్మం దాకా వస్తుంది, అంతే.

మాస్టారికి ఒక లెక్క. అలా మండలాలు పోయాక మిగిలిన భద్రాచలంలో 2023లో ఓటర్లు లక్షన్నర లోపు. అదే ఎన్నికల్లో శేరిలింగంపల్లిలో 7 లక్షల పైన. నేనిప్పుడు ఉండేది శేరిలింగంపల్లిలోనే, చందానగర్‌లో. కుళాయి గురించి ఎమ్మెల్యేని కలవాలంటే 7 లక్షల మంది వెనక నిలబడాలి. ఆ గీతలు 2001 జనాభా లెక్కల మీద గీసి 2009 ఎన్నికల్లో అమల్లోకి తెచ్చినవి. విభజన చట్టంలో తెలంగాణకి 119 నుంచి 153, ఆంధ్రకి 175 నుంచి 225 సీట్లు చేస్తామని రాసి 2025కి పదకొండేళ్లయింది. మీ ఒంటారియో వాళ్లు రెండేళ్లు ఆలస్యం చేశారని ఏడుస్తున్నారు!

*

పోలింగ్_అక్క:

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ అసలు మాట ఒక్కరూ చెప్పలేదు. నేను రెండు ఎన్నికల్లోనూ పోలింగ్ డ్యూటీ చేశాను, ఫిబ్రవరిలో ప్రావిన్స్ వాళ్లకి, ఏప్రిల్‌లో ఫెడరల్ వాళ్లకి.

రెండూ వేరే సంస్థలు సుబ్బు గారూ. ఎలెక్షన్స్ ఒంటారియో వేరు, ఎలెక్షన్స్ కెనడా వేరు. బూత్‌లు వాళ్లవి వాళ్లే అద్దెకి తీసుకుంటారు, కాబట్టి పోయినసారి మీ వెనక స్కూలైతే ఈసారీ అదే అవ్వాలని లేదు. ప్రావిన్స్ ఎన్నికల్లో చాలా చోట్ల బ్యాలెట్‌ని మిషన్‌లో పెడితే అది చదువుకుంటుంది. ఫెడరల్‌లో అంతా చేత్తోనే, పెన్సిల్‌తో గుర్తు పెట్టి డబ్బాలో వేయడం, రాత్రి డబ్బా తిరగేసి బల్ల మీద ఒక్కొక్కటి విప్పి, చుట్టూ పార్టీల వాళ్లు మెడలు సాచి చూస్తుంటే లెక్కపెట్టడం. మీ సీటులో అంకెలు అన్నిసార్లు ఎందుకు మారాయని ఆశ్చర్యపోయిన వాళ్లు ఒకసారి రాత్రి పదకొండింటికి ఆ బల్ల దగ్గర కూర్చుని చూడాలి. మా బల్ల మీద ఒక బ్యాలెట్‌లో గుర్తు గుండ్రానికి సగం బయటికి వచ్చింది. చెల్లుతుందా లేదా అని ఇద్దరు ఏజెంట్లు పది నిమిషాలు వాదించుకున్నారు.

ఇప్పుడు చెప్పాలా వద్దా అని ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నా. చెప్పేస్తా. ప్రావిన్స్ ఎన్నికల్లో పోలింగ్ పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా. ఫెడరల్ ఎన్నికల్లో మన టైమ్‌లో 9:30 నుంచి 9:30 దాకా. మీరు 8:50కి వెనక్కి తిరిగారు కదా. ఇంకా నలభై నిమిషాలుంది.

*

జేమ్స్‌స్నో_సుబ్బు:

అక్కా... ఇది మా ఆవిడకి చూపించనని మాటివ్వండి అందరూ. 9 అనేది ఫిబ్రవరి నుంచి బుర్రలో అలాగే ఉండిపోయింది.

పాతకాపు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివా. పొద్దున ఆఫీసుకి వెళ్తూ జేమ్స్ స్నో బోర్డు చూసి మొదటిసారి అది ఒక మనిషి పేరని గుర్తుకొచ్చింది, ఇన్నేళ్లూ మంచు పడే రోడ్డు కాబట్టి ఆ పేరు పెట్టారనుకున్నా, నవ్వకండి. నర్స్ గారూ, ఆ ముసలమ్మ చివరికి ఇల్లు చేరిందా? శబరి తమ్ముడూ, మీ పెదనాన్న గారి పెన్షన్ వచ్చిందా? అదొకటి చెప్పకుండా వదిలేశావు.

ఇంకొక్క డౌట్. 2026 అక్టోబర్‌లో మునిసిపల్ ఎన్నికలున్నాయి కదా, వాటికి మళ్లీ మ్యాపు వేరేనా?

*

చలికోటు_నర్స్:

చేరింది. ఐదో రోజు ఎండ కాసింది. వెళ్తూ వెళ్తూ నా షిఫ్ట్ దగ్గరికొచ్చి ఎండబెట్టిన చేప ముక్కలు చేతిలో పెట్టి వెళ్లింది, మా ఇంటి గోంగూర పచ్చడిలోకి భలే కుదిరాయి.

*

శబరి_ఒడ్డు:

వచ్చింది అన్నా. పద్నాలుగు నెలలకి. బకాయిలు మాత్రం రాలేదు.

*

పోలింగ్_అక్క:

అవును, వేరే. మునిసిపల్‌కి వార్డులు. అవి టౌన్ కౌన్సిల్ గీసుకుంటుంది, ఫెడరల్ గీతలతోనూ ప్రావిన్స్ గీతలతోనూ సంబంధం లేదు. టైమింగ్స్ కూడా మళ్లీ వేరే, రాత్రి 8కే మూసేస్తారు. కార్డు ఫ్రిజ్ మీద పెట్టకండి, కారు స్టీరింగ్ మీద పెట్టుకోండి.